పారితోషికం కాదండీ, కూలి

చేసిన పనికి వచ్చే డబ్బుకి తెలుగులో చాలా పేర్లున్నాయి. పొలంలో చేస్తే కూలి. ఆఫీసులో చేస్తే జీతం. బండి తోలితే కిరాయి. కథ రాస్తేనో, బొమ్మ గీస్తేనో, పాట పాడితేనో మాత్రం పారితోషికం. పరితోషం అంటే తృప్తి, సంతోషం. ఆ లెక్కన పారితోషికం అంటే అవతలివాళ్ళు సంతోషపడి ఇచ్చేది. కూలికి ఆ గోల లేదు. పని అయిందా, డబ్బు ఇవ్వాల్సిందే. "కలుపు బాగానే తీశారు గానీ నాకెందుకో మనసు నిండలేదు, వచ్చే నెల చూద్దాం" అని ఏ రైతూ అనడు. అంటే మర్నాడు ఆ చేలోకి దిగేవాళ్ళుండరు.

మన కాలేజీలో ఫ్రీలాన్స్ పనులు చేస్తున్నవాళ్ళకి ఎదురయ్యే డబ్బు గొడవల్లో సగం ఈ రెండు మాటల తేడా దగ్గరే పుడుతున్నాయని నా అభిప్రాయం. మనం చేసేది కూలి పని. అడిగేటప్పుడు మాత్రం పారితోషికం అడిగినట్టు తల వంచుకుని అడుగుతాం.

మనలో తెనాలి నుంచి రోజూ వచ్చేవాళ్ళున్నారు, బాపట్లలోనే హాస్టల్లో ఉండేవాళ్ళున్నారు, రేపల్లె బండిలో ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని వీడియో ఎడిట్ చేసుకుంటూ తెనాలిలో దిగి బండి మారేవాళ్ళూ ఉన్నారు. మన క్లయింట్లు ఎవరు? బోసు రోడ్డులో బట్టల షాపు, సూర్యలంక దారిలో రిసార్టు, రేపల్లె వైపు రొయ్యల మేత డీలరు, ఒక ఫంక్షన్ హాలు, ఒక పళ్ళ డాక్టరు. అమెరికా క్లయింటుతో ఎలా మాట్లాడాలో చెప్పే వీడియోలు బోలెడన్ని ఉన్నాయి. బాబాయి గారి ఫ్రెండే క్లయింటైతే ఏం చేయాలో చెప్పేది నాకు ఒక్కటీ కనపడలేదు. అందుకే ఈ వ్యాసం.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఒక ఫంక్షన్ హాలు వాళ్ళకి తొమ్మిది రీల్స్ చేసిపెట్టింది. రేటు అడిగితే "ముందు చెయ్యమ్మా, చూసి ఇస్తాంలే" అన్నారు. నాన్నకి తెలిసినవాళ్ళు కాబట్టి గట్టిగా అడగలేదు. రీల్స్ పేజీలో పెట్టుకున్నారు, బుకింగులు కూడా వచ్చాయి. ఆ తర్వాత రెండు నెలలు "సార్ ఊళ్ళో లేరు", "రేపు కనపడు", "ఎక్కడికి పోతాయమ్మా నీ డబ్బులు". ఒకప్పుడు మన ఊళ్ళల్లో దెయ్యం రాకుండా గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్ళు కదా, అచ్చం అదే పద్ధతి. చివరికి నాన్నని వెంటబెట్టుకుని వెళ్తే, కౌంటర్లోంచి రెండు వేలు తీసి "ఉంచుకో అమ్మా, పిల్లలకి ఖర్చులుంటాయి కదా" అన్నారట. ఎడిటింగ్ యాప్‌కీ, మ్యూజిక్ లైసెన్సుకీ ఆ అమ్మాయి పెట్టిన ఖర్చే అంతకంటే ఎక్కువ.

ఆ "ఉంచుకో" అనే మాట చూడండి. కూలి ఇచ్చేటప్పుడు ఎవరూ ఉంచుకో అనరు. అది పండక్కి మనవరాలి చేతిలో నోటు పెడుతూ అనే మాట. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి తెలిసినవాళ్ళ పనులు చేయడం మానేసింది. పని చేతకాక కాదు. నాన్నని ఇంకోసారి ఆ కౌంటర్ ముందు నిలబెట్టలేక.

మొహమాటం అంటే మంచితనం అని మనల్ని పెంచారు. డబ్బు విషయంలో మాత్రం ఆ మొహమాటం ఖర్చు ఎప్పుడూ ఒక్కళ్ళే భరిస్తారు, అదీ చిన్నవాళ్ళే. షాపు ఆయన కరెంటు బిల్లు దగ్గర మొహమాటపడరు, హోల్‌సేలర్ దగ్గర ఆయన పప్పులుడకవు. అడగలేనివాడు ఎవడో చూసుకుని వాడి బాకీ అట్టడుగున పెడతారు. అది దుర్మార్గం అని కూడా నేను అనను. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఎవరైనా చేసేదదే. ఆ వరసలో మనం ఎక్కడ నిలబడాలన్నది మాత్రం మన నోట్లోనే ఉంది. అడగందే అమ్మయినా పెట్టదు.

ఎలా అడగాలో నేర్చుకోవడానికి బెంగళూరు దాకా వెళ్ళనక్కర్లేదు. మన డెల్టాలో నాట్లు వేసే ముఠాలని చూడండి. ఎకరానికి ఇంత అని గుత్తకి మాట్లాడుకుంటారు, లేదా రోజుకూలికి వస్తారు. మనం ఇంగ్లీషులో ఫిక్స్‌డ్ ప్రైస్, అవర్లీ అని పెద్ద పెద్దగా చెప్పుకునేవి ఈ రెండే. నాట్లు గుత్తకి మాట్లాడుకున్న ముఠాని "వచ్చారు కదా, పక్క మడిలో కలుపు కూడా తీసేసి వెళ్ళండి" అని ఎవరూ అనరు. అంటే దానికి వేరే రేటు చెప్తారు, నవ్వుతూనే చెప్తారు. గొడవ ఉండదు, చిన్నబుచ్చుకోవడం ఉండదు. మనం మాత్రం అయిదు పేజీల వెబ్‌సైటుకి ఒప్పుకుని, ఆరో పేజీ, లోగో, విజిటింగ్ కార్డు, గూగుల్ మ్యాప్‌లో షాపు పెట్టడం అన్నీ అదే రేటుకి చేసిపెట్టి, రాత్రి రూముకొచ్చి తిట్టుకుంటాం.

తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్ళ పని ఇంకో పాఠం. ఆ ఊరి శిల్పులు ఇనప తుక్కుతో చేసిన బొమ్మల వల్ల దేశమంతా పేరు వచ్చింది. పోత విగ్రహం సంగతి తీసుకుంటే, ముందు మట్టి నమూనా చేస్తారు. ముక్కు సవరించాలన్నా, కండువా మడత మార్చాలన్నా ఆ దశలోనే. అచ్చు తీసి పోత పోశాక "మీసం కొంచెం పైకి ఉంటే బాగుండేది" అంటే కుదరదు, మళ్ళీ మొదటికొస్తుంది. మన పనిలో మట్టి దశ ఏదో, పోత దశ ఏదో క్లయింటుకి ముందే చెప్పాలి. "డిజైన్ ఒప్పుకున్నాక రెండుసార్లు మార్పులు ఉచితం, మూడోసారి నుంచి ఇంత" అని ఒక్క వాక్యం చాలు. "ఇంకొక్క చిన్న మార్పు" అనే మాట మన దగ్గర వందసార్లు వినపడటానికి కారణం ఆ వాక్యం లేకపోవడమే.

డబ్బు కూడా అలాగే దశలుగా తీసుకోవాలి. మూడో వంతు బయానా, మూడో వంతు నమూనా ఒప్పుకున్నాక, మిగతాది అప్పగించే ముందు. పెళ్ళి మేళం వాళ్ళు బయానా పడకుండా తేదీ ఖాయం చేయరు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. పూర్తి పని మన హోస్టింగ్ లింకులో చూపించి, ఆఖరి వంతు పడ్డాకే క్లయింటు డొమైన్‌లోకి ఎక్కించండి. వీడియో అయితే వాటర్‌మార్కుతో చూపించండి. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఈ సామెత కృష్ణ ఒడ్డునున్న రేపల్లె వాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

"బయానా అడిగితే క్లయింటు పారిపోతాడు" అని చాలామంది అంటారు. కొందరు పోతారు, నిజమే. అందులో ఎక్కువమంది చివర్లో కూడా పోయేవాళ్ళే, మన నెల రోజులు మిగిలాయనుకోవాలి. ఇంకొందరు మంచివాళ్ళే, మన మీద నమ్మకం లేక పోతారు. వాళ్ళ భయానికి కారణం ఉంది. "పోయినసారి ఒక కుర్రాడు అడ్వాన్స్ తీసుకున్నాడు, సెమిస్టర్ పరీక్షలన్నాడు, మళ్ళీ ఫోన్ ఎత్తలేదు, పాస్‌వర్డులు కూడా వాడి దగ్గరే ఉన్నాయి" అనే మాట నేను ముగ్గురు నలుగురు షాపు వాళ్ళ దగ్గర విన్నాను. కూలి అడిగే హక్కు కావాలంటే కూలివాడి క్రమశిక్షణ కూడా ఉండాలి. పరీక్షల తేదీలు ముందే చెప్పండి. కొత్త క్లయింటైతే మొదట ఒక్క పేజీ, ఒక్క రీల్ చేసి, దానికి మాత్రమే డబ్బు తీసుకోండి. దశలవారీగా డబ్బు తీసుకోవడం మనకి ఎంత రక్షణో, ఆయనకీ అంతే రక్షణ.

ఇంతా చేసినా డబ్బు ఆగిపోతుంది. అప్పుడు ముందు తెలుసుకోవాల్సింది ఎందుకు ఆగిందని. నేను చూసినంతలో నాలుగు కారణాలుంటాయి. మర్చిపోయారు. పని నచ్చలేదు గానీ చెప్పలేకపోతున్నారు. నిజంగా చేతిలో లేదు. ఇవ్వాలని లేదు. నాలుగింటికీ ఒకే మెసేజ్ పెడితే మర్చిపోయినవాళ్ళకి కోపమొస్తుంది, ఎగ్గొట్టేవాళ్ళకి నవ్వొస్తుంది.

మర్చిపోయినవాళ్ళకి గుర్తుచేస్తే చాలు. యూపీఐ 2016లో వచ్చింది. అంతకుముందు బ్యాంకుకెళ్ళాలి, చిల్లర లేదు అని చెప్పుకునే వీలుండేది, ఇప్పుడది లేదు. నచ్చనివాళ్ళని "ఏది నచ్చలేదో రాసి పంపండి సార్, ఒప్పుకున్నదాంట్లో ఉంటే సరిచేస్తాను" అని అడగండి. చేతిలో లేనివాళ్ళ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. మనది పంటల మీద బతికే ప్రాంతం. ధాన్యం డబ్బు పడక, రొయ్యల రేటు పడిపోయి, మేత డీలరు చేతులు కట్టేసుకుని ఉండే నెలలుంటాయి. మన ఊళ్ళ ఖాతా పుస్తకాల్లో అప్పు తప్పు కాదు, కానీ దానికీ ఒక గడువుండేది. కుప్ప నూర్చాక అనో, సంక్రాంతికి అనో. మీరూ గడువివ్వండి, తేదీ రాయించుకోండి, వీలైతే రెండు వాయిదాలు చేయండి. "చూద్దాంలే" అనేది తేదీ కాదు.

మెసేజ్‌లో ఏం రాయాలో తెలియక వారం రోజులు తాత్సారం చేసేవాళ్ళున్నారు. ఇలా రాస్తే సరిపోతుంది: "నమస్కారం అండీ. మార్చి 3న మీకు వెబ్‌సైట్ పూర్తిగా అప్పగించాను. ఒప్పుకున్న 12,000లో 8,000 అందాయి, 4,000 రావాలి. ఈ శనివారం లోపు పంపగలరా? ఆ రోజుకి కుదరకపోతే ఏ తేదీకి కుదురుతుందో చెప్పండి." సారీ చెప్పొద్దు, "మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు" అనొద్దు, ఫీజు కట్టాలి, అమ్మకి బాగోలేదు అని కష్టాలు చెప్పొద్దు. కష్టం చెప్పుకుంటే అది మళ్ళీ పారితోషికం అయిపోతుంది, జాలిపడి ఇచ్చేది అవుతుంది. పని, అంకె, తేదీ, ఈ మూడే రాయాలి. పంపించాం అని స్క్రీన్‌షాట్ పెడితే సంతోషించే ముందు మీ ఖాతా చూసుకోండి. "ఎక్కువ పంపాను, తిరిగి వేయి" అన్నా, డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టమన్నా అది మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

మధ్యలో ఒక సీనియరో, హైదరాబాద్ ఏజెన్సీనో ఉంటే కథ ఇంకోలా ఉంటుంది. "క్లయింటు నాకింకా ఇవ్వలేదు తమ్ముడూ, రాగానే నీకే" అంటారు. ఆయనకీ క్లయింటుకీ ఉన్న ఒప్పందం వేరు, మీకూ ఆయనకీ ఉన్న ఒప్పందం వేరు. క్లయింటు ఇస్తేనే నీకిస్తాను అని ముందే చెప్పి, మీరు ఒప్పుకుని ఉంటే తప్ప, ఆ మాట చెల్లదని మర్యాదగానే చెప్పొచ్చు.

ఇక నాలుగో రకం, ఇవ్వాలని లేనివాళ్ళు. ఇక్కడ చట్టం కొంచెం తెలిసుండాలి. నోటిమాట ఒప్పందం కూడా 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందమే, కష్టమల్లా రుజువు దగ్గరే. అందుకని ఫోన్లో మాట్లాడుకున్నది అదే రోజు వాట్సాప్‌లో "మనం అనుకున్నది ఇదీ" అని రాసి, "ఓకే" అనిపించుకోండి. ఆ చాట్ చెరపొద్దు. మామూలుగా బాకీ మీద దావా వేయడానికి మూడేళ్ళ గడువుంటుంది.

మనలో చాలామందికి తెలియంది 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం. పాన్, ఆధార్ ఉన్న ఎవరైనా ఉద్యమ్ పోర్టల్లో పైసా ఖర్చు లేకుండా సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు. పని ఒప్పుకోకముందే చేసుకోవడం క్షేమం. ఆ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకి మించి చెల్లింపు ఆపకూడదు. ఒప్పందంలో గడువు లేకపోతే 15 రోజులే. పని అందాక 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, దాన్ని ఒప్పుకున్నట్టే లెక్క. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకి 2017లో సమాధాన్ పోర్టల్ తెచ్చారు. దీనికి తోడు 2023 ఫైనాన్స్ చట్టంతో, సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువులోగా ఇవ్వని డబ్బుని ఇచ్చేదాకా తన ఖర్చుగా చూపించుకునే వీలు కొనుగోలుదారుకి లేకుండా చేశారు. మీ మాట వినని క్లయింటు తన ఆడిటర్ మాట వింటాడు.

నాలుగు వేల కోసం ఇదంతా ఎవరు చేస్తారు అంటే, నిజమే, చాలామంది చేయరు. కానీ మూడో రిమైండర్లో ఈ చట్టం గురించి ఒక్క వాక్యం ఉంటే ఆ మెసేజ్ బరువు మారుతుంది. దానికీ లొంగకపోతే లోక్ అదాలత్ ఉంది. కేసు వేయకముందే మండల న్యాయ సేవా కమిటీ ద్వారా అక్కడికి వెళ్ళొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ రాజీ పడితే ఆ అవార్డుకి సివిల్ కోర్టు డిక్రీ అంత విలువ. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. నాన్నని వెంటబెట్టుకుని కౌంటర్ ముందు నిలబడటం ఒక్కటే దారి కాదని మన అమ్మాయిలకి తెలియాలి.

కోపంలో చేయకూడనివీ ఉన్నాయి. క్లయింటు ఇచ్చిన పాస్‌వర్డుతో లోపలికెళ్ళి నడుస్తున్న సైటుని ఆపేస్తే, బాకీ మాట పక్కకిపోయి మనమే 2000 నాటి ఐటీ చట్టం కింద ఇరుక్కునే ప్రమాదం ఉంది. వాట్సాప్ స్టేటస్‌లో పేరు పెట్టి "దొంగ" అని రాస్తే పరువు నష్టం గొడవ. దానికంటే ముందే జాగ్రత్తపడొచ్చు. ఉద్యోగిగా కాకుండా బయటి మనిషిగా మీరు రాసిన కోడ్‌కీ, రాతకీ 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కుదారు మీరే, రాసిచ్చేదాకా. "పూర్తి చెల్లింపు అయ్యాక హక్కులు బదిలీ అవుతాయి" అని ఒప్పందంలో రాయండి. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోలకీ, సినిమాకీ రూలు వేరు, ఆ పని చేసేవాళ్ళు ఇంకా ముందే రాసుకోవాలి.

ఇది మన ఊళ్ళ వెనకబాటుతనం అని కూడా అనుకోవద్దు. న్యూయార్క్ నగరంలోనే ఫ్రీలాన్సర్ల డబ్బు ఎగ్గొట్టేవాళ్ళు ఎక్కువై, 800 డాలర్లు, ఆపైన విలువున్న పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి అని, గడువు రాసుకోకపోతే పని అయిన 30 రోజుల్లో ఇవ్వాలని చట్టం చేయాల్సివచ్చింది. 2017 మే నుంచి అది అమల్లో ఉంది. మొహమాటం మనదే కాదు, ఎగవేతా మనదే కాదు.

చివరిగా ఒక మాట, ఇది బయటివాళ్ళ గురించి కాదు. ఫెస్ట్ వస్తుందంటే పోస్టర్లు, రిజిస్ట్రేషన్ పేజీ, టీజర్ వీడియో, స్టేజి వెనక బ్యానరు, అన్నీ ఎవరు చేస్తారు? సెకండియర్ పిల్లలు, రాత్రి రెండింటి దాకా మేలుకుని. షామియానా ఆయనకి బయానా ఇస్తాం. సౌండ్ సిస్టం వాళ్ళకి బయానా ఇస్తాం. డిజైన్ చేసినవాడికి సర్టిఫికెట్, స్టేజి మీద ఒక చప్పట్లు. "నీకే ఎక్స్‌పోజర్ వస్తుందిరా" అని మనం జూనియర్‌కి చెప్పేదానికీ, "చూసి ఇస్తాంలే" అని ఫంక్షన్ హాలు వాళ్ళు చెప్పినదానికీ నాకు తేడా కనపడటం లేదు. ఉచితంగా చేయాలనుకుంటే చేయొచ్చు, స్నేహం కొద్దీ చేసే పని గొప్పదే. కానీ అది చేసేవాడు చెప్పాలి, చేయించుకునేవాడు కాదు. డబ్బు అడగకూడదు అనే పాఠం మనకి మొదట నేర్పేది కాలేజీయే అయితే, బయట బోసు రోడ్డులో షాపు ఆయన్ని ఏమని అడుగుతాం?

ఈసారి ఫెస్ట్ బడ్జెట్ కాగితంలో షామియానా, సౌండు, భోజనాల కింద "డిజైన్ కూలి" అని ఒక లైను చేర్చమని కమిటీ వాళ్ళని అడుగుతున్నాను. అయిదు వందలైనా సరే. ఎంతన్నది మాత్రం పని మొదలుపెట్టకముందే ఆ జూనియర్‌తో కూర్చుని తేల్చండి.